పెద్ద సంఖ్యను విప్పి చూడటం ఎలా: ఆర్యభటుని 157 కోట్ల రోజులతో ఒక సమగ్ర మార్గదర్శి

పది అంకెల సంఖ్య కనబడగానే చాలామంది అది సరి సంఖ్యా, బేసి సంఖ్యా అని చూసి వదిలేస్తారు. కానీ హైస్కూల్లో నేర్చుకున్న భాగహారం, భాజనీయతా సూత్రాలు, ఒక కాగితం, కాస్త ఓపిక ఉంటే ఆ సంఖ్య గురించి చెప్పుకోదగ్గ విషయాలన్నీ మనమే కనుక్కోవచ్చు. ఎన్ని భాజకాలున్నాయి, అది ఏ కోవలోకి వస్తుంది, రెండు మూడు వర్గాల మొత్తంగా రాయగలమా, ఇవన్నీ కంప్యూటర్ లేకుండా తేలే సంగతులే. వరస మాత్రం ముఖ్యం. ముందు ప్రధాన కారణాంకాలు తీయాలి. ఆ పని అయిందంటే మిగతా గుణాల్లో చాలావరకు చిన్న చిన్న గుణకారాలతో వచ్చేస్తాయి.

ఉదాహరణగా ఏదో ఒక సంఖ్యను తీసుకోకుండా అర్థమున్న సంఖ్యనే ఎంచుకున్నాను: 1,57,79,17,500.

మొదటి అడుగు: ఈ సంఖ్య దేన్ని లెక్కపెడుతోంది?

ఆర్యభటుని లెక్కలో ఒక మహాయుగంలోని రోజుల సంఖ్య ఇది. ఆర్యభటీయంలో ఆయన దీన్ని నేరుగా ఇవ్వలేదు, రెండు వేరే సంఖ్యలు ఇచ్చాడు. మహాయుగంలో సూర్యుడి భ్రమణాలు 43,20,000, అంటే అన్ని సంవత్సరాలు. అదే కాలంలో భూమి తన చుట్టూ తాను తిరిగే భ్రమణాలు 1,58,22,37,500. ఈ సంఖ్యలను అక్షరాల్లో దాచాడు. సూర్యుడి సంఖ్యకు ఆయన వాడిన మాట "ఖ్యుఘృ". ఆయన పద్ధతిలో ఖ అంటే 2, య అంటే 30, ఉకారం పదివేల స్థానం. అంటే "ఖ్యు" 3,20,000 అవుతుంది. ఘ అంటే 4, ఋకారం పది లక్షల స్థానం కాబట్టి "ఘృ" 40,00,000. రెండూ కలిపితే 43,20,000. భూమి సంఖ్యకు "ఙిశిబుణౢఖ్షృ" అన్నాడు. అదే పద్ధతిలో విప్పితే 500, 7,000, 2,30,000, 150 కోట్లు, 8,20,00,000 వస్తాయి. కూడి చూడండి, 1,58,22,37,500 సరిగ్గా వస్తుంది.

నక్షత్రాల లెక్కన చూస్తే ఏడాదికి భూమి చేసే భ్రమణాలు మన సూర్యోదయాల కంటే ఒకటి ఎక్కువ. అందుకే రోజులు కావాలంటే భూభ్రమణాల్లోంచి సూర్యభ్రమణాలు తీసేయాలి.

1,58,22,37,500 − 43,20,000 = 1,57,79,17,500

మూలం తెలుసుకోవడం దగ్గర కాస్త ఆగమని చెప్పడానికి కారణం ఉంది. ఒక సంఖ్యకు వందల గుణాలుంటాయి. అందులో ఏది పనికొచ్చేదో ఆ సంఖ్య ఎక్కడి నుంచి వచ్చిందో తెలిస్తేనే తెలుస్తుంది. రోజుల సంఖ్య కాబట్టి దీన్ని 7తో భాగిస్తే వచ్చే శేషానికి విలువ ఉంది. 43,20,000తో దీనికున్న సామాన్య భాజకానికి ఇంకా ఎక్కువ విలువ ఉంది. ఈ రెండింటినీ చివర్లో చూద్దాం.

రెండో అడుగు: పరిమాణం, వర్గమూలం

ఆర్యభటుడు స్థానాల పేర్లు పది చెప్పాడు: ఏకం, దశ, శతం, సహస్రం, అయుతం, నియుతం, ప్రయుతం, కోటి, అర్బుదం, వృందం. మన సంఖ్యకు సరిగ్గా పది అంకెలు. ఎడమ చివరి 1 వృంద స్థానంలో కూర్చుంది.

ఏ పెద్ద సంఖ్యకైనా ముందే ఉజ్జాయింపుగా వర్గమూలం కట్టి పక్కన రాసిపెట్టుకోవాలి. ఇక్కడ 39,723 × 39,723 = 1,57,79,16,729. తర్వాతి వర్గం మన సంఖ్యను దాటిపోతుంది. కాబట్టి ఇది పరిపూర్ణ వర్గం కాదు, వర్గం కంటే 771 ఎక్కువ. ఈ 771ని గుర్తుంచుకోండి, తర్వాత అక్కరకొస్తుంది.

వర్గమూలం ఎందుకంటే, ఒక సంఖ్య సంయుక్త సంఖ్య అయితే దాని ప్రధాన కారణాంకాల్లో కనీసం ఒకటి వర్గమూలాన్ని మించకూడదు. అంటే వెతుకులాటకు అది హద్దు. 39,723 లోపు ప్రధాన సంఖ్యలు నాలుగు వేలకు పైగా ఉన్నాయి. చేత్తో అన్నీ పరీక్షించలేం. అందుకే ముందు సంఖ్యను తగ్గించుకోవాలి.

మూడో అడుగు: తేలికైన కారణాంకాలను ఊడదీయడం

చివర రెండు సున్నాలున్నాయి, 100 తీసేస్తే 1,57,79,175 మిగులుతుంది. ఇది 75తో ముగుస్తోంది కాబట్టి 25తో పోతుంది: 6,31,167. ఇది బేసి సంఖ్య, చివర 5 లేదు. అంటే 2, 5ల పని అయిపోయింది. ఇప్పటిదాకా తీసినది 100 × 25 = 2,500, అంటే 2² × 5⁴.

6,31,167 అంకెలు కూడితే 24. 24ను 3 భాగిస్తుంది, 9 భాగించదు. కాబట్టి 3 ఒక్కసారే వస్తుంది. భాగిస్తే 2,10,389.

అంతే, 157 కోట్ల సంఖ్య రెండు లక్షల సంఖ్యకు దిగింది. 458 వర్గం 2,09,764, 459 వర్గం 2,10,681. కొత్త హద్దు 458. నలభై వేల దాకా వెతకాల్సినది ఐదు వందల లోపుకు వచ్చేసింది.

నాలుగో అడుగు: మొండి ముక్క

అసలు ఓపిక ఇక్కడే కావాలి. 2,10,389ని 7 నుంచి మొదలుపెట్టి ఒక్కో ప్రధాన సంఖ్యతో భాగించాలి.

7, 11, 13లకు ఒకే దెబ్బతో పరీక్ష ఉంది. 7 × 11 × 13 = 1,001 కాబట్టి సంఖ్యను కుడి నుంచి మూడేసి అంకెలుగా విడగొట్టి, ఒకదాన్ని విడిచి ఒకదాన్ని తీసివేస్తూ పోతే చాలు. 389 − 210 = 179. ఈ 179ని 7 భాగిస్తే శేషం 4, 11 భాగిస్తే 3, 13 భాగిస్తే 10. మూడూ పోవు. ఒక్క తీసివేతతో మూడు ప్రధాన సంఖ్యలు తేలిపోయాయి. ఈ చిట్కాను బడిలో తప్పకుండా నేర్పాలని నా అభిప్రాయం.

ఇక్కడి నుంచి మామూలు భాగహారమే. శేషాలు రాసుకుంటూ పోదాం:

17తో 14
19తో 2
23తో 8
29తో 23
31తో 23
37తో 7
41తో 18
43తో 33
47తో 17
53తో 32
59తో 54
61తో 0

దొరికింది. 61 × 3,449 = 2,10,389.

శేషాలన్నీ ఎందుకు రాసుకోమన్నానో ఇప్పుడు చూడండి. 3,449 ప్రధాన సంఖ్యా కాదా అన్నది తర్వాతి ప్రశ్న. మళ్లీ 7 నుంచి మొదలుపెట్టాలనిపిస్తుంది, కానీ అవసరం లేదు. 3,449ని ఏదైనా భాగిస్తే అది 2,10,389ని కూడా భాగించాలి. 61 కంటే చిన్న ప్రధాన సంఖ్య ఏదీ 2,10,389ని భాగించలేదని ఇప్పుడే చూశాం. మరి 61 నుంచి పైకి చూస్తే? 61 వర్గం 3,721. అది 3,449 కంటే పెద్దది, అంటే హద్దు దాటేశాం. కాబట్టి 3,449 ప్రధాన సంఖ్య. కొత్తగా ఒక్క భాగహారం కూడా చేయలేదు. నాకు ఈ మొత్తం లెక్కలో అన్నిటికంటే నచ్చిన చోటు ఇదే. ముందు చేసిన పని పొల్లుపోకుండా తర్వాతి నిరూపణకు ఆధారమైంది.

ఫలితం:

1,57,79,17,500 = 2² × 3 × 5⁴ × 61 × 3,449

ఐదో అడుగు: సరిచూసుకోవడం

ఇక్కడ తప్పు జరిగితే తర్వాతవన్నీ తప్పే. రెండు పరీక్షలు చేయండి. తొమ్మిదుల పరీక్ష: 2,10,389 అంకెల మొత్తం 23, దాన్ని కూడితే 5. 61కి 7, 3,449కి 20, అంటే 2. 7 × 2 = 14, అది 5. కలిసింది. కానీ ఈ పరీక్ష అంకెలు తారుమారైతే పట్టుకోలేదు. 3,494 అని రాసినా ఇదే జవాబు ఇస్తుంది. అందుకని పదకొండుల పరీక్ష కూడా చేయాలి: 11తో శేషాలు 61కి 6, 3,449కి 6, లబ్ధం 36కి శేషం 3. 2,10,389కి కూడా 3. ఇదీ కలిసింది. లినక్స్ కంప్యూటర్ ఉంటే "ఫ్యాక్టర్" అనే కమాండ్ క్షణంలో ఇదే చెబుతుంది. చేత్తో చేశాక దానితో పోల్చుకోవడం మంచిది.

ఆరో అడుగు: భాజకాలు ఎన్ని, వాటి మొత్తం ఎంత?

ఒక భాజకాన్ని తయారు చేయాలంటే ప్రతి ప్రధాన సంఖ్యను ఎన్నిసార్లు తీసుకోవాలో నిర్ణయించుకోవాలి. 2ను 0, 1, 2 సార్లు తీసుకోవచ్చు, అంటే మూడు దారులు. 3కు రెండు, 5కు ఐదు, 61కి రెండు, 3,449కి రెండు. గుణిస్తే 3 × 2 × 5 × 2 × 2 = 120. ఈ సంఖ్యకు 120 భాజకాలున్నాయి. ఈ పరిమాణంలోని సంఖ్యలకు సగటున సుమారు 22 భాజకాల చొప్పున ఉంటాయి. అంటే మనది సగటుకు చాలా పైనే ఉంది.

మొత్తం కూడా అదే దారిలో వస్తుంది. ప్రతి ప్రధాన సంఖ్యకూ దాని ఘాతాలు కూడి, ఆ మొత్తాలను గుణించాలి.

1 + 2 + 4 = 7
1 + 3 = 4
1 + 5 + 25 + 125 + 625 = 781
1 + 61 = 62
1 + 3,449 = 3,450

7 × 4 × 781 × 62 × 3,450 = 4,67,75,65,200. ఇందులోంచి సంఖ్యను తీసేస్తే మిగతా భాజకాల మొత్తం 3,09,96,47,700.

దీనితో సాపేక్ష ప్రధానమైనవి, అంటే దీనితో 1 తప్ప సామాన్య భాజకం లేనివి, దీని లోపు ఎన్ని ఉన్నాయో కూడా ఇలాగే: 2 × 2 × 500 × 60 × 3,448 = 41,37,60,000. ఒక్కో ప్రధాన ఘాతంలోంచి దాని ముందు ఘాతాన్ని తీసివేస్తే ఆ ఐదు ముక్కలు వస్తాయి (625 − 125 = 500 అన్నట్టు). వందకు 26 చొప్పున మాత్రమే దీనితో పొత్తు లేనివి. 2, 3, 5 మూడూ ఉన్న సంఖ్యకు ఇలాగే తక్కువ వస్తుంది.

ఏడో అడుగు: ఏ కోవలోకి వస్తుంది?

సంయుక్త సంఖ్య అని వేరే చెప్పక్కర్లేదు. 2², 5⁴ ఉన్నాయి కాబట్టి వర్గ కారణాంకం లేని సంఖ్యల్లో చేరదు.

సంఖ్య తప్ప మిగతా భాజకాల మొత్తం సంఖ్యకు సమానమైతే పరిపూర్ణ సంఖ్య (6, 28 లాంటివి), తక్కువైతే న్యూన సంఖ్య, ఎక్కువైతే సమృద్ధ సంఖ్య. మనకు 309 కోట్లు వచ్చింది, సంఖ్య 157 కోట్లు. సమృద్ధ సంఖ్య. అసలు ఇంత పెద్ద గుణకారం చేయకుండానే ఈ సంగతి తేల్చవచ్చు. 12కు మిగతా భాజకాలు 1, 2, 3, 4, 6, వాటి మొత్తం 16. అంటే 12 సమృద్ధ సంఖ్య. సమృద్ధ సంఖ్య గుణిజం ఎప్పుడూ సమృద్ధమే. మన సంఖ్యను 12 భాగిస్తుంది, అంతటితో సరిపోయింది.

ఇంకో కోవ అంతగా ప్రచారంలో లేదు కానీ నాకు ఇష్టమైనది. ప్రాక్టికల్ సంఖ్యలు అన్న పేరు పెట్టింది మన దేశంవాడే, ఎ.కె. శ్రీనివాసన్, 1948లో. ఒక సంఖ్య వరకూ ఉన్న ప్రతి సంఖ్యనూ దాని భాజకాల్లో వేర్వేరు వాటిని కూడి రాయగలిగితే అది ప్రాక్టికల్ సంఖ్య. పరీక్ష సులువు. ప్రధాన కారణాంకాలను చిన్న వాటి నుంచి పేర్చుకుంటూ పోవాలి. మొదటిది 2 అయి ఉండాలి. ఆ తర్వాత వచ్చే ప్రతి ప్రధాన సంఖ్యా, అప్పటికి పేర్చిన ముక్క భాజకాల మొత్తానికి ఒకటి కలిపిన దాన్ని మించకూడదు. 4కు భాజకాల మొత్తం 7, కాబట్టి 8 దాకా సరే, 3 వచ్చింది. 12కు 28, కాబట్టి 29 దాకా సరే, 5 వచ్చింది. 7,500కు 21,868, అక్కడ 61 వచ్చింది. 4,57,500కు 13,55,816, అక్కడ 3,449 వచ్చింది. అన్నీ హద్దులోనే ఉన్నాయి. అంటే 1 నుంచి 157 కోట్ల దాకా ఏ సంఖ్య చెప్పినా, ఈ 120 భాజకాల్లో కొన్నిటిని ఒక్కోసారే వాడి ఆ మొత్తం తేవచ్చు.

రామానుజన్ 1915లో అధ్యయనం చేసిన అతి సంయుక్త సంఖ్యల్లో మాత్రం ఇది లేదు. తనకంటే చిన్నవాటన్నిటి కంటే ఎక్కువ భాజకాలున్నవే ఆ కోవలోకి వస్తాయి. వాటిలో ప్రధాన సంఖ్యలు 2, 3, 5, 7 అంటూ ఖాళీ లేకుండా రావాలి, ఘాతాలు పెరగకుండా దిగుతూ రావాలి. మన సంఖ్యలో 7 లేదు, పైగా 3 కంటే 5 ఘాతం పెద్దది. తేడా ఎంతో చూడాలంటే 73,51,34,400ని తీసుకోండి. మన దానిలో సగం కూడా లేదు, కానీ 2⁶ × 3³ × 5² × 7 × 11 × 13 × 17 కాబట్టి దానికి 1,344 భాజకాలు.

హార్డీ, రామానుజన్ 1917లో ఇంకో సంగతి చూపారు. ఒక పెద్ద సంఖ్యకు ఎన్ని వేర్వేరు ప్రధాన కారణాంకాలుంటాయో ఊహించాలంటే దాని సహజ సంవర్గమానానికి మళ్లీ సహజ సంవర్గమానం తీయాలి. మన సంఖ్యకు మొదటిసారి 21.18, రెండోసారి 3.05 వస్తుంది. అంటే ఈ పరిమాణంలో మూడు చుట్టూ ఉండటం మామూలు. మనకు ఐదు ఉన్నాయి.

ఎనిమిదో అడుగు: వర్గాల మొత్తంగా రాయగలమా?

రెండు వర్గాల మొత్తంగా రాయాలంటే ఒక షరతు ఉంది. 4తో భాగిస్తే 3 శేషం వచ్చే ప్రధాన సంఖ్యలన్నీ సరి ఘాతంలో ఉండాలి. 61కి శేషం 1, 3,449కి శేషం 1, 5కూ 1. 3 ఒక్కటే అడ్డం, అది ఒకే ఒక్కసారి ఉంది. కాబట్టి కుదరదు. ఆ 3ను తీసేస్తే వచ్చే 52,59,72,500ను మాత్రం రెండు వర్గాల మొత్తంగా రాయవచ్చు.

మూడు వర్గాలతో? లెజాండ్రె సిద్ధాంతం ప్రకారం సంఖ్యను 4తో పోయినంతవరకు భాగించాలి. మిగిలినదాన్ని 8తో భాగిస్తే శేషం 7 వస్తే మూడు వర్గాలతో రాయడం అసాధ్యం. మనది ఒకసారే 4తో పోతుంది: 39,44,79,375. 8తో శేషానికి చివరి మూడంకెలు చాలు. 375 = 8 × 46 + 7. శేషం 7! మూడు వర్గాలు కూడా చాలవు.

నాలుగు వర్గాలతో ఏ సంఖ్యనైనా రాయవచ్చని లగ్రాంజ్ 1770లో నిరూపించాడు. కానీ ఆ నాలుగూ ఏవో కనుక్కోవాలి కదా. పక్కన పెట్టిన 771 ఇప్పుడు తీయండి. 39,723 వర్గం పోగా మిగిలింది అదే. 771ని మూడు వర్గాలుగా విడగొట్టాలి. 27 వర్గం 729 తీస్తే 42 మిగులుతుంది, అది రెండు వర్గాలుగా విడిపోదు. 25 వర్గం 625 తీస్తే 146 మిగులుతుంది, అది 121 + 25. కాబట్టి:

1,57,79,17,500 = 39,723² + 25² + 11² + 5²

ప్రతి సంఖ్యకూ ఇంత త్వరగా దొరకదు. దొరకకపోతే మొదటి వర్గాన్ని ఒక మెట్టు దించి మళ్లీ ప్రయత్నించాలి.

తొమ్మిదో అడుగు: అంకెల మీద ఆధారపడే గుణాలు

వీటిని త్వరగా దాటేస్తాను. అంకెల మొత్తం 42, దాని అంకెలు కూడితే 6. గణితవేత్త కాప్రేకర్ పేరు పెట్టిన హర్షద్ సంఖ్య కావాలంటే అంకెల మొత్తం సంఖ్యను భాగించాలి. 42లో 7 ఉంది, మన కారణాంకాల్లో 7 లేదు, కాబట్టి కాదు. సూర్యుడి 43,20,000 మాత్రం హర్షదే (అంకెల మొత్తం 9). ఈ గుణాలు మనం పదుల్లో రాయడం వల్ల పుట్టినవి. అరవైల్లో రాస్తే మారిపోతాయి. 2² × 3 × 5⁴ × 61 × 3,449 అన్నది ఏ పద్ధతిలో రాసినా మారదు. అందుకే నేను అంకెల గుణాలను చివరికి నెడతాను.

పదో అడుగు: మూలానికి తిరిగి రావడం, గ.సా.భా.

ఇప్పుడు మొదట చెప్పిన విషయానికి వద్దాం. 1,57,79,17,500 రోజులు, 43,20,000 సంవత్సరాలు. వీటి గరిష్ఠ సామాన్య భాజకం కావాలి. భాగహారం మీద భాగహారం చేస్తూ పోదాం. కుట్టకం (పూర్ణాంకాల్లోనే జవాబు కావలసిన సమీకరణాలను సాధించే పాత పద్ధతి) చేసేవారు దీన్ని పరస్పర భాజనం అంటారు.

1,57,79,17,500 = 365 × 43,20,000 + 11,17,500
43,20,000 = 3 × 11,17,500 + 9,67,500
11,17,500 = 1 × 9,67,500 + 1,50,000
9,67,500 = 6 × 1,50,000 + 67,500
1,50,000 = 2 × 67,500 + 15,000
67,500 = 4 × 15,000 + 7,500
15,000 = 2 × 7,500

గ.సా.భా. 7,500. కారణాంకాలతో చూసినా అంతే: 43,20,000 = 2⁸ × 3³ × 5⁴, రెండింటికీ ఉమ్మడిగా 2² × 3 × 5⁴. రెండింటినీ 7,500తో అపవర్తనం చేస్తే, అంటే భాగించి తగ్గిస్తే, 2,10,389 రోజులు, 576 సంవత్సరాలు.

మనం మొండి ముక్క అని పిలిచిన 2,10,389 ఇదే! క్రీ.శ. 629లో ఆర్యభటీయానికి భాష్యం రాసిన మొదటి భాస్కరుడు సూర్యుడికి సంబంధించిన కుట్టక లెక్కల్లో వాడినవి ఈ 576, 2,10,389లే. కోట్లతో చేయాల్సిన లెక్క లక్షల్లోకి దిగింది. ఆ కాలంలో పలక మీద, ఇసుక మీద లెక్కలు చేసేవారికి అది ఎంత ఊరటో ఆలోచించండి.

2,10,389ని 576తో భాగిస్తే 365, ఇంకా 149/576. అంటే ఏడాదికి 365 రోజుల 6 గంటల 12 నిమిషాల 30 సెకన్లు, ఘడియల్లో చెప్పాలంటే 365 రోజుల 15 ఘడియల 31¼ విఘడియలు. పైన వచ్చిన భాగఫలాలు 3, 1, 6, 2, 4, 2 కూడా వృథా కావు. వాటితో 149/576కు దగ్గరి చిన్న భిన్నాలు వరసగా వస్తాయి: 1/3, 1/4, 7/27, 15/58, 67/259, చివర 149/576. రెండోది నాలుగేళ్లకు ఒక రోజు కలిపే లీపు సంవత్సరం లెక్క. మూడోది 27 ఏళ్లకు 7 రోజులు.

పదకొండో అడుగు: వారం లెక్క

7తో శేషం తీద్దాం. ఆర్యభటుడు మహాయుగాన్ని నాలుగు సమాన పాదాలు చేశాడు, ఒక్కోటి 10,80,000 ఏళ్లు. పాదానికి 39,44,79,375 రోజులు, 7తో శేషం 3. యుగం బుధవారం సూర్యోదయంతో మొదలైందని ఆయన చెప్పాడు. మూడు పాదాలు గడిస్తే వారం 3 × 3 = 9, అంటే 2 రోజులు ముందుకు జరుగుతుంది. బుధవారం నుంచి రెండు రోజులు, శుక్రవారం. కలియుగం మొదలైన వారం అదే, క్రీ.పూ. 3102 ఫిబ్రవరి 18.

కలిలో 3,600 ఏళ్లు గడిచేసరికి తనకు 23 ఏళ్లని ఆర్యభటుడు రాసుకున్నాడు. 3,600ను 576తో భాగిస్తే 6¼. దాన్ని 2,10,389తో గుణిస్తే 13,14,931¼ రోజులు. పూర్ణ రోజులను 7తో భాగిస్తే శేషం 2, శుక్రవారం నుంచి ఆదివారం. మిగిలిన పావు రోజు అంటే సూర్యోదయం నుంచి 15 ఘడియలు, మధ్యాహ్నం. క్రీ.శ. 499 మార్చి 21, ఆదివారం మధ్యాహ్నం. కాగితం మీద కారణాంకాలతో మొదలుపెట్టి ఆ రోజు మిట్టమధ్యాహ్నం దాకా రావడం నాకు ఎప్పుడు చేసినా సంతోషంగా ఉంటుంది.

పక్క సంఖ్యతో పోలిక, మీరు చేయాల్సిన లెక్క

సూర్యసిద్ధాంతంలో మహాయుగానికి రోజులు 1,57,79,17,828. మనకు తెలుగునాట పూర్వ పద్ధతి పంచాంగాలకు ఆధారం ఈ లెక్కే. ఆర్యభటుని దానికంటే 328 మాత్రమే ఎక్కువ, ఏడాదికి పంచితే ఆరున్నర సెకన్ల తేడా. కానీ గుణాలు చూడండి. అంకెల మొత్తం 55, కాబట్టి 3తో పోదు. చివర 8, కాబట్టి 5తో పోదు. 28ని 4 భాగిస్తుంది, 828ని 8 భాగించదు. 43,20,000తో గ.సా.భా. 4 మాత్రమే. 576 ఏళ్లకే పూర్ణ రోజులు వచ్చే సౌలభ్యం పోయి, 10,80,000 ఏళ్లకు 39,44,79,457 రోజులు అనే పెద్ద జంట మిగులుతుంది.

ఇక భూమి భ్రమణాల సంఖ్య 1,58,22,37,500ను మీరు ఇదే వరసలో విప్పండి. సున్నాలు, 5లు, 3 తీశాక 42,193 మిగులుతుంది. ఇక్కడ 61 లాంటి అదృష్టం దొరకదు. హద్దు 205 కాబట్టి 199 దాకా ప్రతి ప్రధాన సంఖ్యతోనూ భాగించి చూడాలి. ఏదీ పోదు, అది ప్రధాన సంఖ్యే. కాబట్టి జవాబు 2² × 3 × 5⁵ × 42,193, భాజకాలు 72. మూడు వర్గాల మొత్తంగా ఇదీ రాయలేం. ఎందుకో 4తో భాగించి, చివరి మూడంకెలు చూస్తే తెలుస్తుంది.